బండి తిరిగింది, మిషను తిరగలేదు

జూన్ 3, మంగళవారం

నా రాత బాగుండదు. తప్పులుంటాయి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత బలపం పోయి చేతికి తాడొచ్చింది. ఈ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే వంకర గీతలూ లేని దీర్ఘాలూ చూసి నవ్వుకోకుండా మన్నించాలి. ఎవరికో చూపించాలని రాయడం లేదు. నోటితో చెప్పడం నాకు చేతకాదు. నలుగురిలో నోరు తెరిస్తే నాలుక మడత పడుతుంది. మా ఆవిడ అంటుంది, మన పెళ్ళిచూపుల్లో నువ్వు మాట్లాడిన మాటలు ఇంకా లెక్కపెట్టి చెప్పగలను అని.

నిన్నటిది రాసి పెట్టుకోవాలి.

ఇల్లు మారుతున్న వాళ్ళ సామాను. బండి నా కొడుకు నడుపుతాడు, సామాను నేను కడతాను. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కట్టినవాడు సామాను మీద అరచేత్తో రెండు చరుపులు చరచాలి. అంటే నా పని అయిందని. నడిపేవాడు వచ్చి తాడు ఒకసారి గట్టిగా లాగి చూడాలి. అంటే ఇక నాది అని. ఆ రెండూ అయితేనే బండి కదలాలి. నిన్న పొద్దున నేను కట్టాను, చరిచాను, వాడు లాగాడు. బయలుదేరాం.

దారిలో ఆ సామాను వాళ్ళ చెల్లెలి ఇల్లు. అక్కడ బట్టలుతికే మిషను ఒకటి ఎక్కించాలట. ముందు చెప్పలేదు. నేను పక్క సందులోకి ఒంటికి వెళ్ళాను. ఈ వయసులో వెళితే ఒక పట్టాన రాను. వచ్చేసరికి వాడు తాడు విప్పి, మిషను పరుపుల మీదికి ఎత్తించి, మళ్ళీ కట్టేశాడు. "ఎక్కు నాన్నా, అయిపోయింది" అన్నాడు.

బరువు కింద ఉండాలి, పరుపులు పైన ఉండాలి. అది వాడికి తెలుసు. అంతా దింపి మళ్ళీ పేర్చాలంటే మధ్యాహ్నం అవుతుంది. కట్టిందీ వాడే, నడిపేదీ వాడే గనక చరచనూ లేదు, లాగనూ లేదు. నేను లాగి చూద్దామని చెయ్యి ఎత్తాను. ఆ ఇంటాయనా ఆయన భార్యా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ఎదుట కొడుకు కట్టిన తాడు లాగితే వాడి పరువు తీసినట్టు ఉంటుంది. చెయ్యి దించి ఎక్కి కూర్చున్నాను.

పెట్రోలు బంకు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. మేము కుడికి పోవాలి. వాడు వేగం తగ్గించలేదు. వెనక ఏదో గీరుకుంటూ పోతున్న చప్పుడు. ఎడమ పక్క స్కూటరు మీద ఒకామె.

ఇంతకన్నా రాయలేను.


జూన్ 4

ఆమె బట్టలు కుడుతుంది. టైలరమ్మ అంటారట. బతికింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కుట్టు మిషను తొక్కే కాలు అదేనట.


జూన్ 5

వాడు అడగలేదు. మా ఆవిడ అడిగింది. అన్నం పెట్టి, నేను సగం తిన్నాక అడిగింది, తప్పు నా మీద వేసుకోమని. వాడు గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. కోడలు పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళింది. వెళ్ళమన్నారని తెలుస్తూనే ఉంది.

సంగతి ఇది. కట్టినవాడి తప్పు అని తేలితే కూలివాడి పొరపాటు కిందికి పోతుంది. కట్టిందీ వాడే, మలుపులో తోలిందీ వాడే అని తేలితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే బండి లేదు. బండి లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి లేదు.

"ఏమయ్యా, ముడికి లైసెన్సుందా పీకేయడానికి?" అంది. "రేపో మాపో మానేసేవాడివి. నీకేం పోతుంది చెప్పు."

నాకేం పోతుందో చెబుదామనే అనుకున్నాను. షెడ్డులో నన్ను ముడిపెద్ద అంటారు. నేను కట్టింది ఏదీ రోడ్డు మీద పడలేదు. గాజు బీరువా లేదు, పిల్లల ఉయ్యాల లేదు, ఏదీ పడలేదు. ఇది నోట్లోకి వచ్చింది కానీ బయటికి రాలేదు. చిన్న మాటలా అనిపించింది. ఇంటిముందు నిలబడి అరిచే మాట కాదు గదా.

వాడు ఫోను మీంచి తల ఎత్తకుండా అన్నాడు. "నీ ఇష్టం నాన్నా. బలవంతం లేదు."

సరే అన్నాను.


జూన్ 6

పోలీసు స్టేషను. చెక్క బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టారు. రాసుకునే పోలీసు మంచివాడే, మంచినీళ్ళు ఇప్పించాడు. తాడు ఎవరు కట్టారన్నాడు. నేనే అన్నాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. బండి ఎంత వేగంలో ఉందన్నాడు. ఇది ఇంట్లో చెప్పి పంపలేదు. మెల్లగానే పోతున్నాం సార్ అన్నాను.

"మెల్లగా పోయే బండి మీంచి మిషను పడితే ఉన్నచోట కూలబడాలి గదా, తాతా. అంత దూరం రోడ్డు గీసుకుంటూ ఎలా పోయింది?"

రోడ్డు నున్నగా ఉంది అన్నాను. నున్నటి రోడ్డు మీద గీత ఎలా పడిందన్నాడు. నేను నేల చూశాను. ఆయన అలిసిపోయినట్టు రాసుకున్నాడు. ఏం రాశాడో చదవలేదు. సంతకం పెట్టాను.

అబద్ధం ఒకటే అనుకున్నాను. అది ఇంకోదాన్ని వెంటేసుకుని వచ్చింది.


జూన్ 9

షెడ్డు ఓనరు ఇక రావద్దన్నాడు. కోప్పడలేదు. "పెద్దరికం నీది, నాతో చెప్పించుకోకు" అన్నాడు. నా తాడు చుట్ట తెచ్చేసుకున్నాను.

గేటు దాటుతుంటే వెనకనుంచి ఎవరో జారుముడి తాత అన్నారు. నవ్వులు వినపడ్డాయి. గొంతు ఎవరిదో తెలుసు. వాడికి ముడి నేర్పింది నేనే.


జూన్ 12

ఊరికే ఇంట్లో కూర్చోలేక కూరగాయలకు వెళ్ళి బస్సులో వచ్చాను. నా ముందు సీటులో తల్లి ఒడిలో ఉన్న చంటిది కిటికీలోంచి చెప్పు వదిలేసింది. అది వదిలిన చోట పడలేదు. బస్సుతోపాటు కొంత దూరం గాల్లో వచ్చి, నేల తాకి, దొర్లుకుంటూ ఇంకాస్త వచ్చింది. తల్లిని వదిలి ఉండలేని దానిలా వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి వెతుకుతోంది. నేను చెబుదామనుకున్నాను, అమ్మా, వెనక చాలా దూరం చూడకు, అది మనతోపాటే వచ్చింది అని. చెప్పలేదు. చెప్పు పోయింది.

తరవాత నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సంచిలోంచి ఒక బంగాళాదుంప తీసి కిటికీ బయట చెయ్యి చాపి వదిలాను. ఊరికే వదిలాను, విసరలేదు. అదీ అంతే చేసింది. బస్సు నిదానించినప్పుడు ఇంకొకటి వదిలాను. అది దగ్గరలోనే ఆగింది. మూడోది తీసేసరికి కండక్టరు వచ్చాడు.

"ఏం పెద్దాయనా, చిల్లు సంచికా, మీకా?"

బస్సంతా నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది, చాలా రోజులకి.

పడిన వస్తువు పడినచోటే ఆగుతుందని మనం అనుకుంటాం. బండి దాన్ని వదిలేస్తుంది. బండి వేగం మాత్రం వదలదు. అది ఒళ్ళు గీరుకుంటూ, ఎవరో ఒకరిని గుద్దుకుంటూ ఆ వేగమంతా తీర్చుకోవాలి. ఈలోగా బండి వెళ్ళిపోతుంది, తనది కాదన్నట్టు.

కూరకి దుంపలు తక్కువయ్యాయని మా ఆవిడ అడిగింది. పడిపోయాయన్నాను. "నీ చేతిలో ఏదీ నిలవడం లేదు ఈ మధ్య" అంది.


జూన్ 15, ఆదివారం

వాడు బండికి నాడాల బెల్టులు కొన్నాడు. ఒక పక్కన మీట ఉంటుంది, టకటక తిప్పితే బిగుసుకుంటుంది. ముడితో పని లేదు.


జూన్ 20

ఆసుపత్రికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు వెళ్ళానో తెలియదు. చెప్పేద్దామనే వెళ్ళానని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అలా అనుకోలేదు.

టైలరమ్మ మంచం కిటికీ పక్కన. కాలు పైకి కట్టి ఉంది. నలభై దాటి ఉండవు. దిండు గలీబు చిరిగితే సూదీ దారం అడిగి తీసుకుని కుడుతోంది. నన్ను చూసి ఎవరు కావాలంది. నేను బండి మనిషిని అన్నాను. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

తనే మాట్లాడింది, కుట్టు ఆపకుండా. తను పక్కకి ఎక్కడా తిప్పలేదట. అందరూ అడుగుతున్నారట, మీరేమైనా అడ్డంగా వచ్చారా అని.

"నేను నేరుగా పోతున్నాను, పెద్దాయనా. ఆ మిషనూ నేరుగానే వచ్చింది, నా పక్కనే. పక్కకి తిరిగింది మీ బండి. కాలు విరిగింది మాత్రం నాది."

అవునమ్మా అన్నాను. ఇంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

అప్పుడు సూది గుచ్చి పక్కన పెట్టి నా మొహం చూసింది. "తాడు కట్టింది మీరేనట గదా."

ఎదురుగా కాలు. ఆమె కళ్ళు. నేను నోరు తెరిచాను. తెరిచానని గట్టిగా చెప్పగలను. అందులోంచి వచ్చింది మళ్ళీ అదే మాట. అవునమ్మా.

"చూపు ఆననప్పుడు, పట్టు లేనప్పుడు మానుకోవాలి. మీ ఒక్కరి సంగతి కాదు గదా అది." కోపంగా అన్లేదు. బట్ట కొలత తప్పిన వాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

లేచి వస్తుంటే పిలిచింది. "మీ అబ్బాయి మంచివాడు. రెండుసార్లు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. మా నాన్న తరఫున నేను క్షమాపణ అడుగుతున్నానమ్మా, ఆయన పెద్దవాడు, ఏమీ అనుకోకండి అని దణ్ణం పెట్టాడు. అలాంటి కొడుకు ఉండటం మీ అదృష్టం."

మెట్లు దిగాను.


జూన్ 21

వాడితో మాట్లాడాలి.


జూన్ 22

ఇవాళ వాడు అలిసిపోయి వచ్చాడు. అలిసినవాడితో ఏం మాట్లాడతాం.


జూన్ 24

పిల్లలు చుట్టూ ఉన్నారు.


జూన్ 27, శుక్రవారం

మాట్లాడాను.

వాడు షెడ్డు వెనక బండి కడుగుతున్నాడు. గేటువైపు పోకుండా వెనక దారిన వెళ్ళాను. నేను గొట్టం పట్టుకున్నాను. ఇద్దరమే. ఎవరూ వినే చోటు కాదు. మధ్యాహ్నం, కాకి కూడా లేదు. పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కున్నాను. పోలీసుల దగ్గర చెప్పింది చెప్పాం, అది అలాగే ఉండనీ, టైలరమ్మ దగ్గర మాత్రం నా తరఫున దణ్ణాలు పెట్టకు అని చెప్పాలని. అంత పొడుగు మాట రాలేదు. "ఆ ముడి సంగతి" అన్నాను. అక్కడే ఆగిపోయాను.

వాడు చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. లేచి చేతులు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు తప్ప వాడు నన్ను అలా పట్టుకున్నది లేదు.

"వదిలెయ్ నాన్నా. వయసొచ్చాక ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. నేనేమీ మనసులో పెట్టుకోలేదు."

నేను వాడి మొహంలో వెతికాను. నవ్వుతున్నాడేమో, సిగ్గుపడుతున్నాడేమో, ఎవరైనా వింటున్నారని అన్నాడేమో. ఏమీ లేదు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నన్ను నిజంగానే క్షమించాడు.

గొట్టంలోంచి నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నాయి. అప్పటి దాకా చూసుకోలేదు.


జూన్ 28

ఆడుకుంటున్నాడేమో నాతో. వాడు అలాంటివాడు కాదు.


జూలై 1

మా ఆవిడని అడిగాను. ఆ రోజు తాడు ఎవరు కట్టారో నీకు వాడు చెప్పాడా అని. బట్టలు మడత పెడుతోంది. "ఎవరు కడితే ఏమయ్యా ఇప్పుడు? అయిపోయింది. ఆ కాలు అతుక్కుంటోందట" అంది. నీకు వాడు చెప్పాడా లేదా అని మళ్ళీ అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. నేను ఒక మాట రెండుసార్లు అడగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"తొందరలో ఏదో అయిందన్నాడు. నువ్వు సందులోకి వెళ్ళొచ్చి గబగబా కట్టావట గదా."

వెళ్ళొచ్చి.

వాడు ఎంత బాగా అతికించాడు. సందు ఉంది, నేను వెళ్ళడం ఉంది, రావడం ఉంది. తాడు ఒక్కటే చేయి మారింది.


జూలై 5

ఎముక అతుక్కుంటోంది కానీ పాదం తిరగదట. తొక్కే మిషనుకి కరెంటు మోటారు పెట్టించుకుంటుందట టైలరమ్మ. మోటారు నా కొడుకు కొనిస్తున్నాడు. షెడ్డులో వాడి గురించి చాలా మంచిగా చెప్పుకుంటున్నారట. తండ్రి చేసింది కొడుకు దిద్దుకుంటున్నాడని.


జూలై 8

బట్టలారేసే తాడు తెగితే కొత్తది కట్టాను. వంటింటి కిటికీ ఊచ నుంచి గోడ మేకుకి. ఎప్పుడూ కట్టే ముడే. వేళ్ళు వాటంతటవే వెళతాయి, నేను చూడక్కర్లేదు. కట్టాను, ఎందుకో అలవాటున గోడ మీద రెండు చరుపులు చరిచాను.

కొడుకు లోపలినుంచి వచ్చి తాడు లాగి చూశాడు. ఒకసారి కాదు. ఊచ దగ్గర, మేకు దగ్గర, మధ్యలో. పిల్లల మీద పడుతుందేమోనని నాన్నా, ఏమీ అనుకోకు అన్నాడు. ఏమీ జారలేదు. వాడు పోయాక నేనూ లాగి చూశాను.

నేను కట్టిన ముడిని నేను లాగి చూడటం ఇదే మొదలు.


జూలై 9

ఇవాళ కూర్చుని ఆ రోజుని మొదటినుంచీ తలుచుకున్నాను. సందు, మురుగు వాసన, గోడ మీద పాత సినిమా కాగితం. తిరిగి వచ్చాను. గుమ్మంలో భార్యాభర్తలు. పరుపుల మీద తెల్లటి మిషను. ఇంతవరకూ బాగుంది. ఆ తరవాత నా చేతుల్లో తాడు ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాను. సందు, గోడ, గుమ్మం. మళ్ళీ చేతుల్లో తాడు. గరుకుగా, అరచేతికి తగులుతూ.

చెయ్యి ఎత్తి దించేశాను గదా. దించేశాను. ఎత్తిన చేతికి తాడు తగిలిందా, తగలకముందే దించానా.

నేను కట్టిన ముడి జారినప్పుడు

కాదు. వాడు కట్టిన ముడి. చెయ్యి పొరపాటున రాసింది.


జూలై 10, గురువారం

అబ్బాయీ,

ఈ ఒక్క పేజీ నీకు రాస్తున్నాను. చించి బండిలో నీ సీటు మీద పెడతాను. నువ్వు పొద్దున బండి తీసే ముందు చూస్తావు.

పోలీసుల దగ్గర చెప్పింది మార్చమని నేను అడగడం లేదు. నీ లైసెన్సు నీ దగ్గరే ఉండనీ, పిల్లలు తినాలి. షెడ్డులో నన్ను ఏమన్నా అననీ. ఎలాగూ నేను అటు పోను. టైలరమ్మకి మోటారు కొనిస్తున్నావు, కొనివ్వు, అది చెయ్యాల్సిన పనే. నా తరఫున అని మాత్రం చెప్పకు. ఆమె నిన్ను మంచివాడంటుంటే నాకు వినబుద్ధి కాలేదు. కొడుకుని మంచివాడంటే తండ్రికి వినబుద్ధి కాకపోవడం కన్నా ఏం కావాలి ఇంకా.

నేను అడిగేది ఒక్కటే. మనం ఇద్దరమే ఉన్నప్పుడు, గోడలు కూడా వినని చోట, ఒక్కసారి చెప్పు. తాడు నేను కట్టాను నాన్నా, అను. అంతే. ఆ తరవాత ఆ మాట నువ్వూ ఎత్తొద్దు, నేనూ ఎత్తను. ఊళ్ళో జనం ముందు నేనే జార్చానని చచ్చేదాకా చెబుతాను. నాకు ఏ కష్టమూ లేదు. అబద్ధం ఇద్దరం కలిసి మోస్తే బరువుండదు. నువ్వు నీ కొస వదిలేశావు.

నువ్వు కావాలని చేశావని అనుకోవడం లేదు. చెప్పగా చెప్పగా నీకు అలాగే జరిగినట్టు తోచి ఉంటుంది. నాకూ తోస్తోంది గనక నాకు తెలుసు. నిన్న నా చేతుల్లో తాడు కనపడింది. ఇవాళ నువ్వు "ఎక్కు నాన్నా" అన్న మాట గుర్తు చేసుకోబోతే నీ గొంతు సరిగ్గా వినపడలేదు.

అన్నీ పుస్తకంలో రాసుకున్నావు గదా, చూసుకో అంటావేమో. నేను రాసుకున్నది నాకు సాక్ష్యం ఎలా అవుతుంది? చెయ్యి తప్పిన ముసలివాడు ఎవరైనా అలాగే రాసుకుంటాడు. నువ్వు చెబితేనే ఉంది.

నోటితో చెప్పలేకపోతే రెండు ముక్కలు రాయి. నా కొడుకువి, నీకూ నోరు పెగలదు. నా తప్పులు దిద్దక్కర్లేదు, నీ తప్పులు నేనూ చూడను. ఈ కాగితం వెనకే రాసి నా దిండు కింద పెట్టు.

ఆలస్యం చేస్తే, నువ్వు నిజమే చెప్పినా నేను నమ్మను. తొందరగా జవాబు రాయి.

మీ నాన్న